ఆసు నొప్పి

మా అమ్మ ఎడమ భుజం నాకు తెలిసినంతగా ఏ డాక్టరుకూ తెలియదని చాలా ఏళ్లు గర్వపడ్డాను. మెడ దగ్గర నుంచి నాలుగు వేళ్లు కిందికి దిగితే ఒకచోట కండ గడ్డకట్టినట్టు ఉండేది. బొటనవేలితో అక్కడ ఒత్తగానే అమ్మ "అబ్బా, గక్కడనే" అని కళ్లు మూసుకునేది. ఆ గడ్డ ఎందుకు వచ్చిందో మా ఇంట్లో ఎవరినడిగినా చెప్తారు. ఆసు పోసి పోసి వచ్చింది.

మాది పోచంపల్లి పక్కన చేనేత ఊరు. మా చీర మీద పువ్వు రావాలన్నా చిలక రావాలన్నా ముందు దారాన్ని ఆసు అనే చట్రం మీద పోయాలి. ఒక చివర ఒక మేకు ఉంటుంది. ఎదురుగా విల్లులాగా వంచిన చెక్క మీద వరసగా మేకులుంటాయి. ఈ మేకు నుంచి ఆ మేకుకు, ఆ మేకు నుంచి ఈ మేకుకు దారం తిప్పుతూ పోవాలి. ముడులు కట్టడం, రంగులో ముంచడం, నేయడం అన్నీ ఆ తర్వాతే. ఈ తిప్పుడు పని ఆడవాళ్లది. ఒక్క చీరకే చెయ్యి వేలసార్లు అటూ ఇటూ పోయి రావాలి. ఇప్పుడు దానికి మిషన్లు వచ్చాయి. అమ్మ చెయ్యి పనిచేసిన కాలంలో రాలేదు.

తక్కిన ఆడవాళ్లు కాసేపు కుడిచేత్తో, కాసేపు ఎడమచేత్తో పోసుకునేవాళ్లు. అమ్మది పుర్రచెయ్యి. కుడిచేత్తో పోస్తే దారం వదులవుతుందని మొత్తం ఎడమచేత్తోనే పోసేది. అలా నలభై ఏళ్లు పోసింది. చివరికి ఎడమచెయ్యి తల దాకా లేచేది కాదు. జడ నేనే వేసేదాన్ని.

ఆమెకు దవాఖానలంటే నమ్మకం లేకపోవడానికి ఒక కారణం ఉంది. నేను ఇంటర్ చదివేటప్పుడు ఒకసారి ఆ రెక్క నొప్పి బాగా ఎక్కువైంది. ఊళ్లో డాక్టరు భయపడిపోయి, ఎడమచెయ్యి కదా, గుండె చూపించండి అని పట్నం పంపాడు. నాన్న, అమ్మ, నేను, తమ్ముడు, మేనమామ అందరం బస్సెక్కి వచ్చాం. ఒక రోజంతా మలక్‌పేటలో ఒక దవాఖానలో వరండాలో కూర్చున్నాం. సాయంత్రం డాక్టరు కాగితాలు చూసి నవ్వి, నీ గుండె గుర్రం లాగా ఉందమ్మా అన్నాడు. ఆ రోజు నుంచి అది మా ఇంట్లో ఒక నవ్వుల కథ అయిపోయింది. చుట్టాలు వచ్చినప్పుడల్లా అమ్మే చెప్పేది. "రెక్క నొస్తుందంటే గుండె జూసిన్రు. గుర్రమంట నా గుండె." అందరం నవ్వేవాళ్లం. ఆ నవ్వులోనే మేమొక పాఠం నేర్చుకున్నాం. ఎడమచెయ్యి నొస్తే అది ఆసు నొప్పే, ఇంకోటి కాదు.

నాన్న పోయాక మేం ఊరు వదిలాం. నాకు పెళ్లి అచ్చిరాలేదు. ఎనిమిదేళ్లు చూసి, ఇక చాలనుకుని వచ్చేశాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సందులో చిన్న చీరల దుకాణం పెట్టుకున్నాను. కొత్తపేటలో ఒక అపార్టుమెంటులో మూడో అంతస్తులో నేనూ అమ్మా ఉండేవాళ్లం. తమ్ముడు భార్యా పిల్లలతో ఎల్బీనగర్‌లో ఉంటాడు. మా ఊరి చీరలు బట్టల దుకాణాలకు వేస్తాడు. ఆదివారం పూట వచ్చి అమ్మ చేతి తలకాయకూర తిని పోయేవాడు.

మా కింది ఫ్లాటులో ఒక గోదావరి జిల్లా ఆవిడ ఉండేది. భర్త పోయి చాలా ఏళ్లు. ఆయన సంగతి ఎత్తితే, "నిద్రలోనే దాటిపోయారండీ, మహానుభావుడు" అని ఆపేసేది. నేను ఆంటీ అనేదాన్ని. ఆమె అమ్మను వదినగారూ అనేది. మంచి మనిషే గానీ నోరు మూతపడదు. నీళ్లు ఎన్నిసార్లు కాచాలి, కరివేపాకు మొక్క ఏ మూల పెట్టాలి, దుకాణం షట్టర్ ఏ రంగు వేయాలి, అన్నిటికీ ఆమె దగ్గర ఒక సలహా ఉండేది. అమ్మ ఆమెకు రేడియో అని పేరు పెట్టింది. లిఫ్టు తలుపు చప్పుడైతే చాలు, "అగో, రేడియో వచ్చింది" అనేది.

ఒకసారి ఆవిడ అమ్మ కట్టుకున్న కొత్త చీర కొంగు పట్టుకుని చూసి, "వదినగారూ, మొదటిసారి ఉప్పునీళ్లలో నానబెట్టండి. రంగు దిగదు" అంది. అమ్మ ఆ పూటకు తల ఊపి ఊరుకుంది. ఆమె మెట్లు దిగాక సోఫాలో కూలబడి నవ్వింది. "రంగుల గోలెంల పుట్టినోల్లకు రంగు సంగతి చెప్పవట్టె." వారం రోజులు నవ్వాం. ఆ తర్వాత ఆవిడ ఏం చెప్పినా మాకు ఉప్పునీళ్ల లాగే వినపడేది. ఇది నేను ఇప్పుడు తెలివిగా కనిపెట్టిన సంగతి కాదు. అప్పుడే తెలుసు. తెలిసీ సరదాగా ఉండేది.

శ్రావణమాసం, వరలక్ష్మీ వ్రతానికి ముందు వారం. చీరల దుకాణానికి ఏడాదిలో ఆ వారమే ప్రాణం. మంగళవారం పొద్దున నేను టిఫిన్ డబ్బా కట్టుకుంటుంటే అమ్మ భుజం పట్టుకుని కుర్చీలో కూర్చుంది.

"ఏమైందే?"

"ఏం లేదు బిడ్డా. రెక్క గుంజుతుంది. జర నూనె రాయి."

నువ్వుల నూనె వేడి చేసి రాశాను. ఉప్పు మూటతో కాపడం పెట్టాను. పడుకోబెట్టాను. అరగంటకు తగ్గిందని చెప్పింది. దుకాణానికి పోతూ నా చేతిని నేనే మెచ్చుకున్నాను. తగ్గించింది నా నూనె కాదు. మంచం మీద కదలకుండా పడుకుంది కాబట్టి గుండెకు కాస్త ఊపిరి దొరికింది. ఆ సంగతి చాలా నెలల తర్వాత ఫోనులో చదివి తెలుసుకున్నాను. అలాంటివన్నీ పని అయిపోయాకే చదువుతాం.

బుధవారం మళ్లీ వచ్చింది. ఈసారి బాత్రూం నుంచి గదిలోకి నడిచేసరికే వచ్చింది. నేను ఎప్పటిలాగే నాలుగు వేళ్లు కిందికి దిగి ఆ గడ్డ మీద ఒత్తాను. అమ్మ "అబ్బా" అనలేదు.

"గక్కడ గాదు."

"మరేడ?"

"లోపల. ఏడనో లోపల. గట్టిగ రాయి జర."

ఇంకా గట్టిగా రాశాను. ఎంత ఒత్తినా ఆమెకు తగలడం లేదు. ముప్పై ఏళ్లుగా ఆ భుజం ఒత్తిన వేళ్లు నావి. నొప్పి చోటు మారిందని నా వేళ్లకు ఆ క్షణమే తెలిసింది. ఇది పాత నొప్పి కాదని లోపల ఒక మాట వచ్చింది కూడా. అదే సమయంలో ఫోను మోగుతోంది. పది చీరలు కావాలన్న ఆవిడ, వీడియోకాల్‌లో రంగులు చూపించమంటోంది. నేను అమ్మతో ఏమన్నానంటే, "ఇంతకన్న గట్టిగ రాస్తే తోలు ఊడుతది. పండుకో."

ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. ఇక్కడే రాస్తున్నాను.

దుకాణానికి బయల్దేరుతుంటే తలుపు దగ్గర ఆంటీ ఎదురైంది. ఏదో గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చింది. లోపలికి తొంగి అమ్మను చూసింది. ఫాను తిరుగుతున్నా అమ్మ మెడంతా తడిసి ఉంది.

"వదినగారూ, ఆ చెమటలేంటండీ?"

"రెక్క నొప్పి. నాకు పాతదే."

"నొప్పి సంగతి కాదండీ, ఆ చెమటలు నాకు నచ్చట్లేదు. అమ్మాయ్, ఇప్పుడే తీసుకెళ్లి ఈసీజీ తీయించు. నా మాట విను. పోయేదేముంది, ఓ గంట."

అమ్మ నా వంక చూసి పెదవి కొసన నవ్వింది. రేడియో నవ్వు అది. నేనూ నవ్వాను. ఆంటీకి మాత్రం మర్యాదగా, "మాపటికి తీస్కపోత ఆంటీ, గిరాకి ఉన్నది" అన్నాను. ఆమె చెయ్యి పట్టుకుంది. "సాయంత్రం కాదమ్మా, ఇప్పుడు." అంతకుముందు ఆమె ఎప్పుడూ నా చెయ్యి పట్టుకోలేదు. అది కూడా నేను చూశాను. చూసి, చెయ్యి విడిపించుకుని, మెట్లు దిగాను.

సాయంత్రం వచ్చేసరికి అమ్మ లేచి పప్పు వండింది. చూశావా, ఏం లేదు అంది. తీసుకుపోతానన్నాను, నిజమే. "ఏం దవాఖాన? మల్ల గుర్రమని చెప్పిచ్చుకోనీకా?" అంది. ఇద్దరం నవ్వాం. ఆమె వద్దనగానే నాకు హాయిగా అనిపించింది. ఇంత రాసినదాన్ని ఇది కూడా రాయాలి. ఆ రోజంతా నిలబడి నా కాళ్లు పీకుతున్నాయి, మళ్లీ చెప్పులేసుకోవాలనిపించలేదు.

గురువారం మధ్యాహ్నం దుకాణంలో కాలు పెట్టే చోటు లేదు. ఆంటీ ఫోను చేసింది. "అమ్మాయ్, మీ అమ్మ మాట్లాడట్లేదు. వెంటనే రా." చీరలన్నీ అలాగే వదిలేసి, పక్క దుకాణం ఆవిడకు చూడమని చెప్పి ఆటో ఎక్కాను. నేను వెళ్లేసరికి ఆంటీ, వాచ్‌మన్ కలిసి అమ్మను కుర్చీలోనే కిందికి దించి ఉన్నారు. ముగ్గురం ఆటోలో కూర్చున్నాం. అమ్మ తల నా భుజం మీద, కాళ్లు ఆంటీ ఒళ్లో. ఎల్బీనగర్ దాటాక ఒక పెద్దాసుపత్రి ఉంది, అక్కడికే పొమ్మన్నాను. మెట్రో పిల్లర్ల కింద బళ్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. ఒక చోట అమ్మ కళ్లు తెరిచి నన్ను చూసింది. ఏదో అనబోయింది. నాకు వినపడలేదు. వెనక బస్సు హారన్ కొడుతోంది.

లోపలికి తీసుకుపోయాక ఒక చిన్న వయసు డాక్టరు బయటికి వచ్చింది. "నొప్పి ఎప్పటినుంచి ఉంది?" అని అడిగింది.

"పొద్దున్నుంచి" అన్నాను.

ఎవరో నా నోట్లోంచి లాగినట్టు వచ్చింది ఆ మాట. పక్కనే ఆంటీ నిలబడి ఉంది. నా మొహంలోకి చూసింది. తర్వాత తల దించుకుంది. అన్నిటికీ మాట ఉన్న మనిషి ఆ రోజు ఊరుకుంది.

ఇంకో ఇరవై నిమిషాలకు ఆ డాక్టరమ్మాయే వచ్చి అమ్మ ఇక లేదని చెప్పింది. కొంచెం ముందు తెచ్చి ఉంటే అని మొదలుపెట్టి, పొద్దున్నే కదా మొదలైంది, మీరేం చేస్తారు లెండి అని నన్ను ఓదార్చింది. ఆ ఓదార్పు నేను తీసుకున్నాను.

తమ్ముడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. అతనికీ అదే చెప్పాను. పొద్దున కొంచెం నొప్పన్నది, మధ్యాహ్నానికి ఇట్లయింది. చుట్టాలకూ అదే. వచ్చిన ప్రతివాళ్లూ ఒకే మాట అన్నారు. అదృష్టవంతురాలు, ఎవరితోనూ చేయించుకోకుండా, నొప్పి తెలియకుండా పోయింది. తెలియకుండానా? మూడు రోజులు తెలిసింది ఆమెకు. నేను తల ఊపుతూ కూర్చున్నాను.

పన్నెండో రోజు అయిపోయి చుట్టాలందరూ వెళ్లిపోయాక, మర్నాడు పొద్దున పది గంటల వేళ ఆంటీ వచ్చింది. గిన్నెలు తోముతుంటే వచ్చి పక్కన నిలబడి, తోమినవి తుడుస్తూ ఉంది. నేను చెప్పాను కదా అంటుందని ఎదురుచూశాను. అంటే బాగుండుననిపించింది. తిరిగి అరిచేదాన్ని. ఆమె అనలేదు.

"మా ఆయన నిద్రలో పోలేదమ్మాయ్" అంది.

చేతిలో గిన్నె ఆపాను.

"ఆదివారం పూట. భోంచేసి గుండెల్లో పట్టేసిందన్నారు. పక్కింటాయన ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఆలస్యం చేయకండన్నాడు. నేనే వద్దన్నాను. గ్యాసు, నాకు తెలీదా ఈయన సంగతి అని సోడా తాగించాను. వాము నలిపి పెట్టాను. రెండు గంటలు కూర్చోబెట్టాను." తుడిచిన గిన్నెనే మళ్లీ తుడుస్తోంది. "పిల్లలకు ఇప్పటికీ నిద్రలోనే అని చెబుతాను."

నాకు జాలి రాలేదు. కోపం వచ్చింది, ఒళ్లంతా మండిపోయేంత కోపం. "గా ముచ్చట ఆ రోజు చెప్తె ఏమైతుండె ఆంటీ? గది ఒక్కటి చెప్పుంటె మేం ఇంటుంటిమి గదా" అన్నాను. గొంతు ఎంత లేచిందో నాకే తెలియదు.

ఆమె గిన్నె గట్టు మీద పెట్టింది. తర్వాత అంది. "ఎలా చెప్పనమ్మా? మొగుణ్ని చేతులారా పోగొట్టుకున్నానని తలుపు దగ్గర నిలబడి చెప్పనా? నువ్వు చెప్పగలిగావా, ఆ డాక్టరమ్మకి?"

ఆమె వెళ్లిపోయాక తలుపు వేసుకుని చాలాసేపు ఏడ్చాను. ఆమె మాకు ఎన్నో సలహాలిచ్చింది. వాటిల్లో ఆమె ప్రాణం పెట్టి నేర్చుకున్నది ఒక్కటే. ఆ ఒక్కటీ ఉప్పునీళ్ల మాటలాగే చెప్పింది. అసలుది దాచిపెట్టి చెప్పింది. మేం నవ్వాం. ఆమెను తిట్టుకుంటూ కొన్ని నెలలు గడిపాను. మెట్ల మీద ఎదురైతే మొహం తిప్పుకున్నాను. ఆమె చేసిందే నేనూ చేస్తున్నానని తెలుసు. తెలిసి ఏం లాభం? దుకాణంలో ఎవరైనా అమ్మ గురించి అడిగితే, "పొద్దున బాగనే ఉండె" అనే మాట నోరు దానంతటదే అనేది.

ఆర్నెల్ల మాసికానికి తమ్ముడు మా ఇంటికి వచ్చాడు. భోజనాలయ్యాయి. మరదలు వంటింట్లో సర్దుతోంది. అతను సోఫాలో కూర్చుని అరచెయ్యి ఛాతీ మీద పెట్టి మెల్లగా రాసుకుంటున్నాడు.

"ఏమైందిరా?"

"గ్యాస్. ఈ మధ్య ఎక్కువైతుంది. దినమంతా బండి మీద తిరుగుడు, బయటి తిండి. గోలీ ఏసుకుంటె పోతది."

"ఎప్పుడైతుంది? మెట్లెక్కితె వస్తుందా?"

"ఎప్పుడో ఒకప్పుడు. మూటలెత్తితె వస్తది."

"రేపు పోయి చూపిచ్చుకో."

నవ్వాడు. "అక్కా, అమ్మ పోయినంక నీకు భయం వట్టుకున్నది. నాకేమైతది? నలభై ఆరేండ్లు నాకు."

నేను ఇంకో రెండుసార్లు చెప్పాను. తిట్టి చెప్పాను. బతిమాలి చెప్పాను. సరే సరే చూద్దాం అన్నాడు. ఆ సరే ఏమిటో నాకు బాగా తెలుసు. మాపటికి తీసుకుపోతానని ఆంటీకి నేనిచ్చిన మాట కూడా అలాంటిదే. ఇంకెన్ని సలహాలిచ్చినా ఇతను కదలడని అర్థమైంది. వేరే దారి లేక చెప్పాను.

"అమ్మకు పొద్దున్నుంచి గాదురా. మూడు దినాల నుంచి."

అతను చెయ్యి ఛాతీ మీద నుంచి తీశాడు.

అన్నీ చెప్పాను. నూనె, కాపడం, చెమటలు, ఆంటీ చెయ్యి పట్టుకోవడం, డాక్టరుకు అబద్ధం. తోలు ఊడుతదన్న మాట తప్ప అన్నీ. అది నోట రాలేదు. మరదలు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మూడు దినాలా?" అన్నాడు.

"ఊ."

"నాకు ఫోన్ చెయ్యలె?"

"చెయ్యలె."

"నేనేడున్ననే? దుబాయిల ఉన్ననా? గీ ఎల్బీనగర్ల ఉన్న. మెట్రోల రెండు స్టేషన్లు. ఒక్క ఫోన్ చేస్తె అమ్మను ఎత్తుకపోతుంటి గదనే."

ఆసు నొప్పనుకున్నానని ఒకసారి అన్నాను. ఆ మాట నా చెవికే పాడుగా వినిపించింది. అతను లేచాడు. చెప్పులు వేసుకున్నాడు. మరదలిని పిలవలేదు కూడా. ఆమె చేతి సంచి తీసుకుని వెనకే పరిగెత్తింది. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగిపోతున్న చప్పుడు వినపడింది. అలా దిగకురా, మెల్లగా పో అని అరవాలనిపించింది. ఏ మొహం పెట్టుకుని అరుస్తాను?

పది రోజులకు మరదలు ఫోను చేసింది. ఆ మర్నాడే వెళ్లి పరీక్షలు చేయించుకున్నాడట. రెండు చోట్ల పూడుకుపోయి ఉందన్నారట. స్టెంట్లు వేశారు. ఇంకొన్నాళ్లు ఆగితే మూటలెత్తుతూనే పడిపోయేవాడని డాక్టరు అన్నాడట. అంతా అయిపోయాక నాకు చెబుతోంది. ఆసుపత్రికి నన్ను రానియ్యొద్దన్నాడని కూడా చెప్పింది. పాపం, ఆ మాట చెప్పడానికి చాలా తడబడింది.

ఏడాది దాటింది. తమ్ముడు నాతో మాట్లాడడు. ఆదివారాలు రాడు. నా దుకాణానికి చీరలు వేరే మనిషితో పంపిస్తాడు. పెళ్లిళ్లలో ఎదురుపడితే పక్కకు జరుగుతాడు. నేను అతన్ని తప్పుపట్టను. అబద్ధంతోనే ఉండి ఉంటే తమ్ముడు నాకు మిగిలేవాడేమో, కొన్నాళ్లు.

రోజూ పొద్దున దుకాణం తాళం తీసే ముందు మరదలికి ఫోను చేస్తాను.

"మందులేసుకున్నడా?"

"ఏసుకున్నడు వదినా."

వెనక అతని గొంతు వినిపిస్తుంది. పిల్లల మీద అరుస్తుంటాడు, లేకపోతే బండి తాళం ఎక్కడని అడుగుతుంటాడు. ఆ గొంతు ఇంకొంచెం వినపడుతుందేమోనని, మాట్లాడడానికి ఏమీ లేకపోయినా ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నిలబడతాను.